ఎలక్ట్రిక్ కారు స్పెసిఫికేషన్ షీట్ చదవడం ఎలా: ఒక్కో అంకె వెనక ఏముందో మెట్టు మెట్టుగా

ఎలక్ట్రిక్ కారు కొనాలనుకుని బ్రోషర్ తెరిచినవాళ్లు ముందు చూసేది రేంజ్ (ఒకసారి నింపితే ఎంత దూరం వెళ్తుంది అన్నది), ఆ తర్వాత ఫాస్ట్ ఛార్జింగ్ ఎన్ని నిమిషాలు అన్నది. చాలామంది అక్కడితో ఆగిపోతారు. ఆ రెండూ అబద్ధపు అంకెలని నేననడం లేదు. అయితే రెండూ ఏదో ఒక షరతు మీద నిలబడినవే, ఆ షరతేమో పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఒక్కోసారి అసలు ఉండదు. కాబట్టి ప్రతి అంకె దగ్గరా ఆగి "దీన్ని ఏ పరిస్థితిలో కొలిచారు?" అని అడగడం అలవాటు చేసుకోవాలి. ఈ ఒక్క ప్రశ్న పట్టుకుంటే ఏ కంపెనీ కారైనా సరే, దాని అసలు లెక్క మీరే తేల్చుకోవచ్చు.

చదువుతూ లెక్క కట్టడానికి ఒక ఊహాత్మక కారును తీసుకుందాం. దాని షీట్‌లో ఇలా ఉందనుకోండి: బ్యాటరీ 60 కిలోవాట్ అవర్, రేంజ్ 420 కిలోమీటర్లు, మోటార్ 150 కిలోవాట్, ఏసీ ఛార్జింగ్ 11 కిలోవాట్, డీసీ ఛార్జింగ్ 150 కిలోవాట్, 10 నుంచి 80 శాతానికి 30 నిమిషాలు. కాలిక్యులేటర్ పక్కన పెట్టుకోండి, పనికొస్తుంది.

మెట్టు 1: అది ఏ రకం కారో చూసుకోండి

"ఎలక్ట్రిఫైడ్" అనే ముద్ర కనిపించగానే అది పూర్తి ఎలక్ట్రిక్ కారని అనుకోకండి. బీఈవీ అంటే బ్యాటరీ మీదే నడిచేది, ఇంజిన్ ఉండదు. పీహెచ్ఈవీ అంటే ప్లగ్ పెట్టి ఛార్జ్ చేసుకోగల హైబ్రిడ్, అందులో ఇంజిన్ కూడా ఉంటుంది. హెచ్ఈవీ అంటే మామూలు హైబ్రిడ్, దానికి ప్లగ్ ఉండదు, నడిచేదంతా చివరికి ఇంధనం మీదే. ఎఫ్‌సీఈవీ హైడ్రోజన్‌తో కారులోనే కరెంటు తయారు చేసుకుంటుంది. ఇక్కడ మనం మాట్లాడుకునేది బీఈవీ గురించి.

మెట్టు 2: కిలోవాట్, కిలోవాట్ అవర్ కలపకండి

ఈ రెండూ కలిపేస్తే మిగతా లెక్కలన్నీ తప్పుతాయి. కిలోవాట్ అవర్ అంటే మన కరెంటు బిల్లులో కనిపించే యూనిటే. 60 కిలోవాట్ అవర్ల బ్యాటరీ అంటే 60 యూనిట్ల కరెంటు పట్టే బ్యాటరీ అన్నమాట. ఇక్కడి నుంచి నేను యూనిట్ అనే రాస్తాను. కిలోవాట్ అనేది ఆ కరెంటు ఎంత వేగంగా లోపలికి వెళ్తోంది, ఎంత వేగంగా ఖర్చవుతోంది అని చెప్పే కొలత. 10 కిలోవాట్ల చొప్పున ఒక గంట ఖర్చయితే 10 యూనిట్లు పోయాయి, అరగంట అయితే 5 యూనిట్లు.

మోటార్ పక్కన కిలోవాట్ కనిపిస్తే అది పవర్. హార్స్‌పవర్ అలవాటైనవాళ్లు 1.36తో హెచ్చిస్తే మెట్రిక్ హార్స్‌పవర్ వస్తుంది, అంటే మన కారుకి 204. ఛార్జింగ్ పక్కన కిలోవాట్ కనిపిస్తే అది నింపే వేగం. రెండు చోట్లా 150 అనే ఉన్నా వాటికి ఒకదానితో ఒకటి సంబంధం లేదు.

మెట్టు 3: బ్యాటరీలో వాడుకోగలిగేది ఎంత

60 యూనిట్లని రాశారు సరే, అది మొత్తం కెపాసిటీనా, వాడుకోగలిగే కెపాసిటీనా? మొదటిదాన్ని గ్రాస్ అంటారు, రెండోదాన్ని నెట్ లేదా యూజబుల్ అంటారు. బ్యాటరీని అడుగంటా ఖాళీ చేసినా, అంచు దాకా నింపినా సెల్స్ త్వరగా అరిగిపోతాయి కాబట్టి కింద కొంత, పైన కొంత కంపెనీ దాచిపెడుతుంది. ఈ కాపలా పని చేసేది బీఎంఎస్, అంటే బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్. సెల్స్ వోల్టేజీ, వేడి, అవన్నీ సమానంగా ఛార్జ్ అవుతున్నాయా అన్నది కూడా అదే చూసుకుంటుంది. మన కారుకి యూజబుల్ 57 అనుకుందాం. ఇకపై లెక్కలన్నీ ఈ 57 మీదే. ఒక కంపెనీ గ్రాస్ వేసి ఇంకో కంపెనీ నెట్ వేస్తే, పెద్దదిగా కనిపించిన బ్యాటరీ నిజానికి చిన్నది కావచ్చు.

తర్వాత చూడాల్సింది కెమిస్ట్రీ, అంటే బ్యాటరీలో ఏ పదార్థాలు వాడారన్నది. కార్లలో ఎక్కువగా కనిపించేవి రెండు: ఎల్‌ఎఫ్‌పీ, ఎన్‌ఎంసీ. ఎల్‌ఎఫ్‌పీలో ఇనుము, ఫాస్ఫేట్ ఉంటాయి, నికెల్, కోబాల్ట్ ఉండవు. ఎక్కువ సార్లు ఛార్జింగ్‌ను తట్టుకుంటుంది, వేడికి అంత తేలిగ్గా అదుపు తప్పదు. కానీ అన్నే యూనిట్లకి బరువు ఎక్కువ, గట్టి చలిలో ఛార్జింగ్ బాగా నెమ్మదిస్తుంది. ఎన్‌ఎంసీలో నికెల్, మాంగనీస్, కోబాల్ట్ ఉంటాయి, తక్కువ బరువులో ఎక్కువ కరెంటు పడుతుంది, అయితే రోజూ 100 శాతం నింపి ఉంచడం దానికి మంచిది కాదు.

అందుకే ఎన్‌ఎంసీ కార్లకి రోజువారీ వాడకంలో 80 శాతం దగ్గర ఆపమంటారు, ఎల్‌ఎఫ్‌పీ కార్లకేమో అప్పుడప్పుడు పూర్తిగా నింపమంటారు. ఈ రెండో సలహా చాలామందికి వింతగా తోస్తుంది. కారణం ఏమిటంటే, ఎల్‌ఎఫ్‌పీ సెల్ వోల్టేజీ 3.2 దగ్గర చాలాసేపు దాదాపు కదలకుండా ఉంటుంది, దాంతో వోల్టేజీ చూసి ఎంత ఛార్జ్ మిగిలిందో చెప్పడం బీఎంఎస్‌కి కష్టం. పూర్తిగా నిండినప్పుడే దానికి కచ్చితమైన గుర్తు దొరుకుతుంది. మీ కారు మాన్యువల్‌లో ఏం రాశారో అదే పాటించండి, వేరే కారు వాళ్ల సలహా మీ కారుకి పనికిరాకపోవచ్చు.

ఇక్కడే ఇంకో రెండు మాటలు తెలుసుకోండి. ఎస్ఓసీ అంటే ఇప్పుడు బ్యాటరీ ఎంత శాతం నిండి ఉంది అన్నది. ఎస్ఓహెచ్ అంటే కొత్తలో ఉన్న కెపాసిటీలో ఇప్పుడు ఎంత మిగిలి ఉంది అన్నది. సెకండ్ హ్యాండ్ కారు చూస్తుంటే కిలోమీటర్ల రీడింగ్ కంటే ముందు అడగాల్సింది ఈ ఎస్ఓహెచ్ రిపోర్టే.

మెట్టు 4: రేంజ్ పక్కన ఏ టెస్ట్ పేరుందో వెతకండి

420 కిలోమీటర్లు. ఏ టెస్ట్ ప్రకారం? ఈ జవాబు లేకుండా ఆ అంకెకి విలువ లేదు.

ఎన్‌ఈడీసీ పాత యూరోపియన్ టెస్ట్. సుమారు 11 కిలోమీటర్లు, 20 నిమిషాలు, నెమ్మదైన నడక, అందుకే అందులో రేంజ్ చాలా ఎక్కువగా వస్తుంది. దాని స్థానంలో 2017 నుంచి యూరప్‌లో డబ్ల్యూఎల్‌టీపీ వచ్చింది. ఇది 30 నిమిషాలు, సుమారు 23 కిలోమీటర్లు, మధ్యలో ఒకసారి వేగం గంటకు 131 కిలోమీటర్లు దాటుతుంది, కానీ మొత్తం మీద సగటు వేగం 46 దాకా మాత్రమే. పైగా టెస్ట్ జరిగేది 23 డిగ్రీల హాయైన వాతావరణంలో, ఎయిర్ కండిషనర్ ఆపేసి. అమెరికా ఈపీఏ టెస్ట్ వీటికంటే కఠినం. ల్యాబ్‌లో వచ్చిన రేంజ్‌ను నేరుగా ఇవ్వకుండా సాధారణంగా 0.7తో హెచ్చించి తగ్గించి ప్రకటిస్తారు. చైనా వాడే సీఎల్‌టీసీ మళ్లీ నెమ్మదైన సిటీ డ్రైవింగ్ వైపు మొగ్గు చూపుతుంది కాబట్టి అందులో రేంజ్ ఎక్కువగా కనిపిస్తుంది.

కాబట్టి సీఎల్‌టీసీలో 500 వచ్చిన కారు, ఈపీఏలో 420 వచ్చిన కారు పక్కపక్కన పెడితే మొదటిదే ఎక్కువ దూరం వెళ్తుందని అనుకోవద్దు. ఒకే టెస్ట్ అంకెల్నే పోల్చాలి, ఇందులో మినహాయింపు లేదు.

మెట్టు 5: నన్నడిగితే అసలైన అంకె ఇదే, ఖర్చు

పెట్రోల్ కారు కొనేటప్పుడు మైలేజీ అడగనివాళ్లు ఉండరు, అదే ఎలక్ట్రిక్ కారు దగ్గరికి వచ్చేసరికి ఎవరూ అడగరు. 100 కిలోమీటర్లకి ఎన్ని యూనిట్లు తాగుతుంది? ఈ అంకెను ఒక్కో చోట ఒక్కోలా రాస్తారు: 100 కిలోమీటర్లకి 15 యూనిట్లు అన్నా, కిలోమీటరుకి 150 వాట్ అవర్లు అన్నా, యూనిట్‌కి 6.7 కిలోమీటర్లు అన్నా ఒకటే. మొదటి రెండింట్లో అంకె తగ్గేకొద్దీ మంచిది, మూడోదాంట్లో పెరిగేకొద్దీ మంచిది.

మన కారు షీట్ ప్రకారం 57 యూనిట్లతో 420 కిలోమీటర్లు, అంటే 100 కిలోమీటర్లకి 13.6 యూనిట్లు. ఇది టెస్ట్ లెక్క. హైవే మీద గంటకు 110, 120 వేగంతో వెళ్తే ఇదే కారు 20 యూనిట్లు తాగిందనుకోండి, రేంజ్ 285 దగ్గరికి వస్తుంది. కారు పాడైపోయిందని కంగారు పడక్కర్లేదు. గాలి అడ్డుకునే బలం వేగానికి వర్గం చొప్పున పెరుగుతుంది: వేగం రెట్టింపైతే ఆ బలం నాలుగు రెట్లు అవుతుంది. పెట్రోల్ కారులో ఇంజిన్ నష్టాలే పెద్దవి కాబట్టి ఈ తేడా అంత కొట్టొచ్చినట్టు కనిపించదు. ఎలక్ట్రిక్ కారులో మోటార్ దగ్గర వృథా అయ్యేది చాలా తక్కువ, అందుకే గాలి దెబ్బ నేరుగా రేంజ్ మీద పడుతుంది. షీట్‌లో సీడీ అని 0.23, 0.28 లాంటి అంకె ఉంటే అది ఈ గాలికి సంబంధించినదే, తక్కువ ఉంటే మంచిది, అయితే కారు ముందు భాగం వైశాల్యం కూడా లెక్కలోకి వస్తుంది కాబట్టి ఎత్తైన ఎస్‌యూవీకి సీడీ ఒక్కటే బాగుంటే సరిపోదు.

ఒక చిన్న మెలిక. డబ్ల్యూఎల్‌టీపీ ఖర్చులో గోడ ప్లగ్ నుంచి తీసుకున్న కరెంటు మొత్తం లెక్కేస్తారు, ఛార్జింగ్‌లో పోయిన నష్టంతో సహా. కారు స్క్రీన్ చూపించే ఖర్చులో మాత్రం ఆ నష్టం ఉండదు. ఇంట్లో ఛార్జింగ్‌లో సుమారు 10 శాతం పోతుందనుకోవచ్చు. కరెంటు బిల్లు, కారు స్క్రీన్ ఎందుకు కలవడం లేదని టెన్షన్ పడేవాళ్లకి జవాబు ఇదే.

మెట్టు 6: ఏసీ ఛార్జింగ్, ఇంటి లెక్క

బ్యాటరీ డీసీ కరెంటునే, అంటే ఒకే దిశలో పారే కరెంటునే తీసుకుంటుంది. ఇంట్లో వచ్చేది ఏసీ, అంటే దిశ మారుతూ ఉండే కరెంటు. ఆ మార్పిడి చేసే పరికరం కారు లోపలే ఉంటుంది, దాని పేరు ఆన్‌బోర్డ్ ఛార్జర్. గోడకి బిగించే వాల్‌బాక్స్‌ని అందరూ ఛార్జర్ అనే పిలుస్తారు కానీ అది కరెంటుని సురక్షితంగా అందించే పెట్టె మాత్రమే. కాబట్టి 22 కిలోవాట్ల వాల్‌బాక్స్ పెట్టించినా కారులో ఆన్‌బోర్డ్ ఛార్జర్ 7.4 అయితే వచ్చేది 7.4 మాత్రమే.

ఈ అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయో మీరే లెక్కేసుకోవచ్చు. 230 వోల్టులు, 16 ఆంపియర్లు అంటే 3.7 కిలోవాట్లు. 32 ఆంపియర్లు అయితే 7.4. త్రీ ఫేజ్‌లో ఒక్కో ఫేజ్‌కి 16 అయితే 11, 32 అయితే 22. మన కారు 11 అని రాసుకుంది కదా, అది త్రీ ఫేజ్ ఉంటేనే. సింగిల్ ఫేజ్ ఇంట్లో అదే కారు 7.4 తీసుకుంటుందా, లేక ఒక ఫేజ్ వాటా 3.7 దగ్గరే ఆగిపోతుందా అన్నది మోడల్‌ని బట్టి ఉంటుంది. కొనేముందు తప్పకుండా అడగండి, ఎందుకంటే రాత్రంతా పెట్టినా నిండకపోవడం అనే సమస్య ఇక్కడే పుడుతుంది. 57 యూనిట్లు ఖాళీ నుంచి నింపడానికి, నష్టం కూడా కలుపుకుంటే, 7.4 మీద దాదాపు ఎనిమిదిన్నర గంటలు, 3.7 మీద పదిహేడు గంటలు పడుతుంది. నిజానికి రోజూ ఖాళీ నుంచి ఎవరూ నింపరు. రోజుకి 50 కిలోమీటర్లు తిరిగేవాళ్లకి 3.7 కూడా చాలు.

మెట్టు 7: డీసీ ఫాస్ట్ ఛార్జింగ్, పీక్ అంకె చూసి మోసపోకండి

డీసీ స్టేషన్‌లో మార్పిడి బయటే జరిగిపోతుంది, కరెంటు ఆన్‌బోర్డ్ ఛార్జర్‌ని తప్పించుకుని నేరుగా బ్యాటరీలోకి వెళ్తుంది. అందుకే ఆ వేగం. కానీ షీట్‌లో ఉన్న 150 కిలోవాట్ అనేది పీక్, అంటే మంచి పరిస్థితిలో, కొన్ని నిమిషాలు మాత్రమే వచ్చే వేగం. ఛార్జింగ్ మొదలైన దగ్గర్నుంచి చివరి దాకా వేగం ఎలా మారుతుందో చూపించే గీతని ఛార్జింగ్ కర్వ్ అంటారు. ఖాళీ బస్సులో ఎక్కినవాళ్లు ఎక్కగానే కూర్చుంటారు, సీట్లు నిండేకొద్దీ వెతుక్కుంటూ తిరగాలి. బ్యాటరీలో కూడా నిండేకొద్దీ వేగం తగ్గించకపోతే సెల్స్ దెబ్బతింటాయి, కాబట్టి 80 శాతం దాటాక చాలా కార్లు బాగా నెమ్మదిస్తాయి. కంపెనీలు 0 నుంచి 100 చెప్పకుండా 10 నుంచి 80 చెప్పేది ఇందుకే.

ఇప్పుడు లెక్క వేయండి. 10 నుంచి 80 అంటే 70 శాతం. 57లో 70 శాతం సుమారు 40 యూనిట్లు. 40 యూనిట్లు 30 నిమిషాల్లో, అంటే సగటు వేగం 80 కిలోవాట్లు. 150 అని పెద్ద అక్షరాల్లో రాసిన కారు సగటున తీసుకున్నది 80.

పక్కన ఇంకో కారు పెడదాం. అంతే బ్యాటరీ, పీక్ 110 మాత్రమే, కానీ కర్వ్ కిందికి పడిపోకుండా నిలకడగా ఉండి 10 నుంచి 80 శాతానికి 28 నిమిషాలు పడుతుంది. సగటు 86. హైవే మీద ఇది 17 యూనిట్లే తాగుతుందనుకోండి. మన మొదటి కారు 30 నిమిషాలు ఆగి 200 కిలోమీటర్ల దూరానికి సరిపడా నింపుకుంటే, ఈ రెండోది 28 నిమిషాలు ఆగి 235 కిలోమీటర్లకి నింపుకుంటుంది. బ్రోషర్‌లో వెనకబడిన కారు దారి మీద ముందుంటుంది. పీక్ అంకె ముందు పెట్టుకుని కారు ఎంచుకునేవాళ్లకి ఈ ఒక్క లెక్క చూపిస్తే చాలని నా గట్టి నమ్మకం.

స్టేషన్ బోర్డు మీద అంకెకి కూడా షరతు ఉంది. 150 కిలోవాట్ అని రాసిన స్టేషన్ కేబుల్ గరిష్ఠంగా 300 ఆంపియర్లే ఇవ్వగలిగితే, 350 వోల్టుల దగ్గర ఉన్న బ్యాటరీకి అందేది 105 కిలోవాట్లు. వోల్టుల్ని ఆంపియర్లతో హెచ్చిస్తే వాట్లు, అంతే లెక్క. ఒకే స్టేషన్‌లో రెండు కార్లు పెడితే పవర్ పంచుకునే మెషీన్లు కూడా ఉంటాయి, పక్క ఛార్జింగ్ గన్ ఖాళీగా ఉందో లేదో చూసి పెట్టుకోండి.

చలి సంగతి మర్చిపోవద్దు. చల్లబడిన బ్యాటరీ వేగంగా కరెంటు తీసుకోలేదు. ప్రీకండిషనింగ్ అనే ఫీచర్ ఉంటే, నావిగేషన్‌లో ఛార్జింగ్ స్టేషన్‌ని గమ్యంగా పెట్టగానే కారు దారిలోనే బ్యాటరీని తగిన వేడికి తెచ్చుకుంటుంది. చలి ప్రాంతాల్లో ఉండేవాళ్లు ఇది ఉందో లేదో కచ్చితంగా చూసుకోవాలి.

మెట్టు 8: 400 వోల్టులా, 800 వోల్టులా

పైన చెప్పిన హెచ్చింపు లెక్కే దీనికీ జవాబు. వోల్టేజీ రెట్టింపైతే అంతే పవర్‌కి సగం ఆంపియర్లు చాలు, అదే తీగలో పుట్టే వేడి నాలుగో వంతుకి తగ్గుతుంది. పోర్షే టైకాన్ 2019లో 800 వోల్టుల సిస్టమ్‌తో వచ్చింది, తర్వాత హ్యుందాయ్ అయానిక్ 5, కియా ఈవీ6 లాంటివి దాన్ని ఇంకా ఎక్కువమందికి చేర్చాయి. అయితే పాత స్టేషన్లు కొన్ని 500 వోల్టులు దాటి ఇవ్వలేవు. అలాంటి చోట 800 వోల్టుల కారు వోల్టేజీని లోపలే పెంచుకోవాలి, అప్పుడు దాని వేగం బాగా తగ్గొచ్చు. మీరు తిరిగే దారిలో ఎలాంటి స్టేషన్లు ఉన్నాయో చూడకుండా 800 అంకె కోసం అదనంగా ఖర్చు పెట్టకండి.

మెట్టు 9: ప్లగ్ పేర్లు

టైప్ 1, టైప్ 2 ఏసీ ప్లగ్గులు. వాటికిందే రెండు లావు డీసీ పిన్నులు చేరిస్తే సీసీఎస్1, సీసీఎస్2. చాడెమో జపాన్ నుంచి వచ్చింది, జీబీ/టీ చైనాది, ఎన్ఏసీఎస్ టెస్లా మొదలుపెట్టి తర్వాత జే3400 పేరుతో స్టాండర్డ్‌గా మారింది. మీ ప్రాంతంలో ఏది ఎక్కువుందో చూసుకోండి. వేరే దేశం నుంచి దిగుమతి చేసుకున్న కారయితే ఇది మొదటి ప్రశ్న కావాలి.

మెట్టు 10: మోటార్, బ్రేకింగ్

ఎక్కువ కార్లలో ఉండేది పీఎంఎస్ఎం, అంటే శాశ్వత అయస్కాంతాలున్న మోటార్. ఇండక్షన్ మోటార్లో అయస్కాంతాలు ఉండవు, అవసరం లేనప్పుడు వదిలేస్తే తేలిగ్గా తిరుగుతుంది కాబట్టి ఆల్ వీల్ డ్రైవ్ కార్లలో రెండో మోటార్‌గా కనిపిస్తుంటుంది. 150 కిలోవాట్ అన్నది ఇక్కడ కూడా పీకే. ఐక్యరాజ్యసమితి వాహన నియమాల్లో 85వది మోటార్‌కి 30 నిమిషాలు నిలబెట్టగల పవర్‌ని కూడా కొలవమంటుంది, అది పీక్ కంటే చాలా తక్కువ ఉంటుంది. మామూలు డ్రైవింగ్‌కి దీని గురించి దిగులు అక్కర్లేదు. పొడవైన ఘాట్ రోడ్లు, బరువు లాగడం మీ వాడకంలో ఉంటే అడగండి.

రీజెన్ అంటే యాక్సిలరేటర్ వదిలినప్పుడు మోటారే జనరేటర్‌గా మారి బ్యాటరీకి కరెంటు పంపడం. దాన్ని గట్టిగా పెట్టుకుని బ్రేక్ పెడల్ దాదాపు తొక్కకుండా నడపడాన్ని వన్ పెడల్ డ్రైవింగ్ అంటారు. బ్యాటరీ 100 శాతం నిండి ఉంటే ఆ కరెంటుకి చోటుండదు కాబట్టి రీజెన్ తగ్గిపోతుంది, ఇంటి నుంచి నేరుగా కొండ దిగేవాళ్లు ఇది గుర్తుపెట్టుకుని కాస్త తక్కువ నింపుకోవడం మేలు.

మెట్టు 11: మిగిలిన చిన్న అక్షరాలు

హీట్ పంప్ ఉందా, మామూలు పీటీసీ హీటరా? పీటీసీ ఒక యూనిట్ కరెంటుకి ఒక యూనిట్ వేడే ఇస్తుంది. హీట్ పంప్ బయటి వేడిని లోపలికి తెస్తుంది కాబట్టి ఓ మాదిరి చలిలో అదే కరెంటుకి రెండు మూడు రెట్లు వేడి ఇవ్వగలదు. చలి దాదాపు లేని చోట ఉండేవాళ్లు దీనికోసం వెతుక్కోనక్కర్లేదు.

వీ2ఎల్ ఉంటే కారు నుంచి మామూలు పరికరాలు నడపొచ్చు. వీ2హెచ్ అంటే ఇంటికి, వీ2జీ అంటే గ్రిడ్‌కి కరెంటు తిరిగి ఇవ్వడం, ఈ రెండింటికీ కారుతో పాటు ఇంట్లో ప్రత్యేకమైన ఏర్పాటు కావాలి. షీట్‌లో పేరుంది కదా అని రేపట్నుంచే పని చేస్తుందనుకోవద్దు.

ఐపీ67 అని కనిపిస్తే అందులో 6 దుమ్ము లోపలికి పోదని, 7 ఒక మీటరు లోతు నీళ్లలో 30 నిమిషాలు తట్టుకుంటుందని అర్థం. అది బ్యాటరీ ప్యాక్‌కి ఇచ్చిన రేటింగ్, కారు మొత్తానికి వర్తించదు. నీళ్లున్న రోడ్డులో ఎంత లోతు దాకా వెళ్లొచ్చో చెప్పేది వేడింగ్ డెప్త్, అది మిల్లీమీటర్లలో వేరేగా ఉంటుంది.

పెద్ద బ్యాటరీతో పాటు మామూలు 12 వోల్టుల చిన్న బ్యాటరీ కూడా చాలా కార్లలో ఉంటుంది. అది చచ్చిపోతే పెద్ద బ్యాటరీ 90 శాతం ఉన్నా కారు ఆన్ కాదు, ఎందుకంటే పెద్ద బ్యాటరీని కలిపే స్విచ్చులు పని చేసేది దాని మీదే. అది ఎక్కడుందో కారు తీసుకునే రోజే అడిగి చూసుకోండి.

చివరగా వారంటీ కాగితం. బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది, అన్నది ఎక్కువగా కనిపించే షరతు. అందులో "70 శాతం" అనే మాట ఉందో లేదో వెతకండి. ఉంటే, ఆ గడువులోగా కెపాసిటీ 70 శాతం కంటే తగ్గితే బాగు చేస్తారనో మారుస్తారనో అర్థం. ఆ మాట లేకుండా "తయారీ లోపాలకి" అని మాత్రమే ఉంటే, మెల్లగా అరిగిపోవడానికి కంపెనీ బాధ్యత తీసుకోవడం లేదన్నట్టు. కెపాసిటీని ఎవరు కొలుస్తారు, ఏ పద్ధతిలో కొలుస్తారు, సెకండ్ ఓనర్‌కి వారంటీ బదిలీ అవుతుందా అన్న మూడు ప్రశ్నలకీ జవాబు రాతపూర్వకంగా తీసుకున్నాకే అడ్వాన్స్ కట్టండి.